తీగ తెగిన శుక్రవారము



మా మందిరములో హార్మోనియము పక్కన ఒక హవాయి గిటారు ఉండేది. ఒడిలో వెల్లకిలా పెట్టుకొని, ఎడమ చేతితో నున్నటి ఇనుప కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడి చేతితో మీటే వాయిద్యమది. హవాయి దీవుల్లో 1889 ప్రాంతములో జోసఫ్ కెకుకు అనే విద్యార్థి ఈ పద్ధతిని కనిపెట్టాడని చెబుతారు. మన గోటువాద్యము వాయించే తీరు కూడ ఇంచుమించు ఇదే. మా గిటారును ఒక సంఘపెద్ద ఎప్పుడో పట్నములో కొని తెచ్చి, తాను ప్రభువునందు నిద్రించినప్పుడు సంఘమునకు వదిలి వెళ్లాడు. ఆ తరువాత దాని మీద దుమ్ము తుడవడము తప్ప ఎవరూ ఏమీ చేయలేదు. చివరికి ఒక విధవరాలి కుమారుడు, పదిహేడేండ్లవాడు, దానిని ముట్టుకున్నాడు. వాడి పేరు ఇక్కడ వ్రాయము. వద్దని వాడే అన్నాడు.

వాడితో మాకు వచ్చిన తగవు శ్రుతి దగ్గర వచ్చింది. సంగీతము తెలియని పాఠకులు కొంచెము ఓర్చుకొనవలెను, ఎందుకంటే ఈ సంగతి అర్థము కాకపోతే మా తప్పు కూడ అర్థము కాదు.

ఆ గిటారుకు ఆరు తీగలు. పెద్దాయన వాటిని పా, సా, పా, సా, గా, పా అని కట్టి ఉంచాడు. కడ్డీ ఎక్కడ ఆనించి మీటినా నిండైన సంతోషధ్వని వస్తుంది. దొరల కాలమునాటి ఇంగ్లీషు రాగాల పాటలకు అది చక్కగా సరిపోతుంది. కాని మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి చూడండి. పాట పైన రాగము, తాళము వేసి ఉంటాయి. గాంధారము ఒక రాగములో ఎత్తుగా ఉంటుంది, మరొక రాగములో అర మెట్టు క్రిందికి ఉంటుంది. శ్రమకాలములో మనము పాడుకొనే ఎన్నో పాటలకు ఆ క్రింది గాంధారమే ప్రాణము. వీణ వాయించేవారు ఒక్కొక్క తీగను ఒక్కొక్క మెట్టు మీద నొక్కగలరు. ఇక్కడ ఉన్నది ఒకే కడ్డీ, అదీ నిటారైనది. అది అన్ని తీగలనూ ఒకే గీత మీద తాకుతుంది. కొంచెము ఏటవాలుగా పెట్టి కొంత సాధించవచ్చు, అంతే. తీగలు కట్టేటప్పుడు ఏమి పెట్టామో అదే కలిసి పలుకుతుంది. పెట్టనిదానిని ఎంత నేర్పరియైనా కలిపి పలికించలేడు.

అందుచేత వాడు పాటపాటకూ మర తిప్పి గాంధారపు తీగను దించేవాడు, మళ్లీ ఎత్తేవాడు. ఆరాధనకు ముందు అరగంట వచ్చి కూర్చొని, ముందు వరుసలో కూర్చొనే మామ్మగారిని "ఒక్క చరణము పాడండి మామ్మగారూ" అని బ్రతిమాలేవాడు. ఆమె పాడుతుంటే చెవి తీగకు ఆనించి వినేవాడు. మాకు అది ఆలస్యముగా కనిపించింది. బైబిలు పాఠశాలలో మాకు ప్రసంగము కట్టడము నేర్పారు గాని, తీగ కట్టేవానిని సహించడము నేర్పలేదు.

2019 శుభ శుక్రవారము. మందిరము నిండి, పందిరి క్రింద కూడ జనము. సిలువపై పలికిన నాలుగవ మాట ధ్యానము ముగించి మేము కూర్చున్నాము. పాట మొదలయింది. ఆ పాటలో పల్లవికి క్రింది గాంధారము కావాలి, చరణములో ఒకచోట పై గాంధారము వస్తుంది. వాడు పాట మధ్యలో మర తిప్పాడు. కోస్తా గాలికి త్రుప్పు పట్టిన తీగ అది. టప్పున తెగి వాడి చేతి మీదనే కొట్టింది. చిన్నపిల్లలు నవ్వారు. మేము లేచి, మైకు ముందే, "ఉన్నది ఉన్నట్టు వాయించగలిగితే వాయించు, లేకపోతే పక్కన పెట్టి కూర్చో. ఇది దేవుని మందిరము, రిపేరు షాపు కాదు" అన్నాము.

వాడు గిటారును సంచిలో పెట్టి, గోడకు ఆనించి, అయిదవ మాట మొదలుకాక ముందే బయటకు వెళ్లాడు. పునరుత్థాన పండుగకు రాలేదు. మరుసటి సంవత్సరము కరోనా వచ్చి మందిరములే మూతబడ్డాయి. తెరిచిన తరువాత కూడ వాడు రాలేదు. తల్లి వచ్చేది, వెనుక కూర్చొనేది. "అబ్బాయి ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగితే "బాగున్నాడయ్యగారూ, పనిలో ఉన్నాడు" అనేది. అంతకు మించి ఆమె అనలేదు, మేము అడగలేదు. మందిరానికి రాని యువకులను గూర్చి ఆ సంవత్సరాలలో మేము ఎన్ని ప్రసంగాలు చేశామో తలచుకుంటే ఇప్పుడు సిగ్గు వేస్తుంది.

2023లో, అమెరికాలో చదువుకుంటున్న మా సంఘస్థుని కుమారుడు సెలవులకు వచ్చి, తన ఫోనులో ఒక ఆరాధన చూపించాడు. నల్లజాతి విశ్వాసుల సంఘము. ఆర్గను బదులు ముందు భాగములో ఒకాయన బల్లవంటి వాయిద్యము ముందు కూర్చొని ఉన్నాడు. ఒడిలో పెట్టుకొనేది కాదు, కాళ్లున్న బల్ల. పైన తీగలు, చేతిలో ఇనుప కడ్డీ, అడుగున కారులో ఉన్నట్టు పెడళ్లు. తీగ ఏడుస్తున్నది, అంతలోనే మూల్గు స్తోత్రముగా మారిపోయింది. చేయి కదలలేదు. కదిలింది పాదము.

ఆ తరువాత దొరికినంత చదివాము. ఆ సంఘమును హౌస్ ఆఫ్ గాడ్ అంటారు. 1 తిమోతి 3:15 లోనుండి తీసుకున్న పొడవైన పేరు దానిది. మేరీ మగ్దలేన టేట్ అనే సహోదరి 1903లో ఆరంభించిన పరిచర్య. ఆమె 1930లో మరణించిన తరువాత సంఘము మూడు శాఖలయింది. 1930 దశాబ్దములో ఫిలడెల్ఫియా నగరములో ట్రోమన్ ఈసన్ అనే విశ్వాసి, హవాయి నుండి వచ్చిన ఒక ఉపాధ్యాయుని దగ్గర ఈ గిటారు నేర్చుకొని మందిరానికి తెచ్చాడు. ఆయన తమ్ముడు విల్లీ ఈసన్ (1921–2005) ఒక్క తీగ మీదనే మనిషి గొంతు వలె పలికించేవాడు. వారికి ఆధారము 150వ కీర్తన. ప్రసంగీకుడు స్వరము పెంచితే గిటారు పెంచుతుంది, ఆయన ఆగితే అది అందుకుంటుంది. అరవై ఏండ్లకు పైగా ఆ సంఘాల బయటివారికి దీని సంగతి పెద్దగా తెలియదు. 1997లో ఆర్హూలీ అనే సంస్థ రికార్డు వేసిన తరువాతనే లోకము విన్నది. మేము ఫోనులో చూచిన మనిషి రోచెస్టరు పట్టణపు చక్ కేంబెల్. ఒక బిషప్ కుమారుడు. పెడళ్లున్న గిటారును ఆ ఆరాధనలో స్థిరపరచినవారిలో ముఖ్యుడు. 2004లో అమెరికా ప్రభుత్వపు జాతీయ కళా సంస్థ ఆయనను సాంప్రదాయ కళాకారునిగా సన్మానించింది. మాది పెంతెకొస్తు సంఘము కాదు, వారి ఆరాధన క్రమములో అన్నిటికీ మేము ఆమెన్ అనలేము. కాని ఆ వాయిద్యమునకు అన్నాము.

పెడలు చేసే పని ఒక్కటే: పాట మధ్యలో, తీగ మోగుతూ ఉండగానే, దాని శ్రుతి మార్చడము. 1954లో విడుదలైన వెబ్ పియర్స్ పాట ఒకదానిలో బడ్ ఐజాక్స్ అనే వాయిద్యకారుడు అలా తొక్కి వినిపించాడు. అది లోకసంబంధమైన పాటే, ఉన్నమాట చెప్పాలి. అప్పటినుండి అందరూ అదే కావాలన్నారు. బడ్డీ ఎమన్స్ (1937–2015) ఆ ఒక్క తొక్కుడును రెండు పెడళ్లుగా విడదీశాడు. నాష్‌విల్‌లో స్థిరపడిన పది తీగల శ్రుతి మన హార్మోనియములో మూడు శ్రుతి మీద కట్టినది. మన భాషలో చెప్తే, సా, గా, పా ముఖ్యమైన తీగలు. రీ, నీ వాటి మధ్య. ఒక పెడలు తొక్కితే గా మాగా మారుతుంది. పక్కది తొక్కితే పా దాగా మారుతుంది. రెండూ తొక్కితే సా గా పా పోయి సా మా దా వస్తుంది. కడ్డీ ఉన్నచోటే ఉంటుంది. మోకాళ్లతో పక్కకు నెట్టే మీటలు వేరే ఉన్నాయి. ఏ పెడలు ఏ తీగను ఎంత మార్చాలి అన్నది ప్రతి వాయిద్యకారుడు తన పాటలను బట్టి నిర్ణయించుకోవచ్చు. దానికి ఒక పట్టిక వ్రాసుకుంటారు.

ఆ పట్టికను చూచినప్పుడు మాకు 2019 గుర్తు వచ్చింది. పాట మధ్యలో గాంధారము మార్చడానికి మా అబ్బాయి చేత్తో చేయబోయిన పని ఇదే. దీనికొరకు అక్కడివారు యంత్రాలు చేశారు, కంపెనీలు పెట్టారు. వాడికి ఒక త్రుప్పు తీగ, అరగంట సమయము, మామ్మగారి గొంతు మాత్రమే ఉన్నాయి.

గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపులో వాడు వెల్డింగు పని చేస్తున్నాడు. వెళ్లాము. "రండి అయ్యగారూ" అని స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు. గౌరవము తగ్గలేదు, ముఖము మాత్రము తెరుచుకోలేదు. ఫోను చేతికిచ్చాము. మూడుసార్లు చూచాడు. మూడవసారి తెరను వ్రేళ్లతో లాగి పాదము దగ్గరే పెద్దది చేసుకొని చూచాడు. "కాలితో లాగుతున్నాడు, సరే. వెనక్కి ఎలా వస్తోంది?" అన్నాడు. నాలుగేండ్ల తరువాత వాడు మాతో మాట్లాడిన మొదటి అసలైన మాట అది. మాకు జవాబు తెలియదు. తెలుసుకొని వస్తామన్నాము.

అయితే అంతకు ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. వాడిని అన్నది మైకు ముందు. షాపులో చెవిలో క్షమాపణ చెప్పి చేతులు దులుపుకుంటే అది లెక్క సరిపోదు. సంఘపెద్దలలో ఒకాయన, మంచివాడే, "వేదిక మీద తప్పు ఒప్పుకుంటే పలుచనైపోతారు అయ్యగారూ, రేపు ఎవరూ మాట వినరు" అన్నాడు. రెండు ఆదివారాలు ఆయన మాట విన్నాము. రెండు ఆదివారాలూ ప్రసంగము నోట్లో ఇసుకలా తగిలింది. మూడవ ఆదివారము ప్రకటనల సమయములో, తీగ తెగిన దినమున మేము అన్నమాటను అదే మైకు ముందు వెనక్కు తీసుకున్నాము. వాడు అక్కడ లేడు. తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకున్నది. మేము పలుచనయ్యామో లేదో తెలియదు, పెద్దాయన మాత్రము ఒక నెల కొంచెము దూరముగా ఉన్నాడు.

వాయిద్యము కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. రాత్రులు షాపు మూసిన తరువాత వెళ్లి కూర్చొనేవారము. తల్లి కుట్టు మిషనుకు మోటారు పెట్టించిన తరువాత మూలన పడిన ఇనుప స్టాండు కాళ్లయింది, తొక్కుడు పలకను కోసి మూడు పెడళ్లు చేశాడు. ఒక పాత టేకు తలుపు రెక్క పైబల్ల అయింది. పెడలునుండి తీగకు సైకిలు బ్రేకు వైర్లు. ఇది నవ్వవలసిన సంగతి కాదు. 1950 దశాబ్దము చివరలో ఫెండర్ కంపెనీ అమ్మిన పెడలు గిటార్లలో కూడ కేబుళ్లే ఉండేవి.

మొదట బల్లను 27 అంగుళాల తీగ పొడవుకు కోశాడు. పై గాంధారపు తీగ కడితే తెగింది, ఇంకా సన్నది కడితే అదీ తెగింది. సన్నము లావులలో లేదు కిటుకు. ఇంత పొడవుకు ఇంత ఎత్తు స్వరము అని ఉక్కు తీగకు ఒక హద్దు ఉన్నది. పొడవు పెరిగితే అదే స్వరానికి ఎక్కువ బిగువు కావాలి. 24 అంగుళాలకు తగ్గించిన తరువాత నిలిచింది. దానికి పైన పై పా కూడ ఒక తీగకు కట్టాలని ఆశపడ్డాడు, ఆడవాళ్ల గొంతు అక్కడికి వెళ్తుంది గనుక. తీగ ఒప్పుకోలేదు. సరే, సా తీగ మీద కడ్డీని పైకి జరిపి తీసుకుంటానన్నాడు.

శ్రుతి దగ్గర మళ్లీ మాకూ వాడికీ వాదము. మేము చదువుకున్న మత్తులో పది తీగలూ పెట్టమన్నాము. వాడు ఒక నోటుబుక్కు తీశాడు. మన సంఘము నిజముగా పాడే పాటలన్నీ వరుసగా వ్రాసి, ఏ పాటకు ఏ గాంధారము, ఎక్కడ రెండూ వస్తాయి, ఎక్కడ నిషాదము దిగుతుంది, గుర్తులు పెట్టుకున్నాడు. కొన్నిటి పక్కన "మామ్మగారిని అడగాలి" అని ఉన్నది. సగానికి పైగా పాటలకు క్రింది గాంధారమే. "పై రెండు తీగలు వాళ్ల వేగానికి అయ్యగారూ. మన పాటలకు వాటితో పని లేదు" అన్నాడు. చివరికి ఎనిమిది తీగలు, క్రిందినుండి: పా, దిగిన నీ, సా, రీ, గా, పా, సా, గా.

ఇందులో గా రెండుచోట్లా క్రింది గాంధారమే కట్టాడు. అమెరికావారు పై గాంధారము కడతారు. వాడు తిరగవేశాడు. ఊరకే మీటితే దుఃఖము. మొదటి పెడలు తొక్కితే అర మెట్టు ఎక్కి సంతోషము. రెండవది తొక్కితే మధ్యమము. మూడవది పాను దాకు ఎత్తుతుంది. మేము ముగ్ధులమైపోయాము. శుక్రవారము తీగలోనే ఉన్నది, ఆదివారము పాదము క్రింద ఉన్నది అని ప్రసంగము కట్టుకుంటూ, పైకే అనేశాము. వాడు స్పానరు తుడుచుకుంటూ, "అది బోధ కాదు అయ్యగారూ. బ్రేకు వైరు లాగుతుంది గాని నెట్టదు. దించాలంటే లోపల ఇంకో స్ప్రింగు కావాలి, అది నాకు కుదరలేదు" అన్నాడు.

ఆ ప్రసంగము మేము చేయలేదు.

ఇంకొక చిక్కు హార్మోనియముతో వచ్చింది. గాంధారమును సాతో కలిపి, అదురు పోయి తేనెవలె కలిసేదాకా శ్రుతి చేస్తే, హార్మోనియము గాంధారముకంటె అది తేడాగా నిలుస్తుంది. పై గాంధారమైతే అర మెట్టును 100 భాగములు చేసినప్పుడు సుమారు 14 భాగములు క్రిందికి ఉంటుంది. రెండూ కలిసి మోగితే చెవి గుచ్చుకుంటుంది. పెడలు గిటారు వాయించేవారందరూ ఎరిగిన సంగతే ఇది. మామ్మగారి గొంతు ఏది ఒప్పుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు, ఆమె హార్మోనియము రాకముందు నేర్చిన తల్లి దగ్గర నేర్చుకున్నది. హార్మోనియము వాయించే సహోదరుడు నొచ్చుకున్నాడు, ముప్పై ఏండ్ల సేవ ఆయనది. ఈసారి మేము తొందరపడి తీర్పు చెప్పలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి మేము బయట అరుగు మీద కూర్చున్నాము. గంట తరువాత వారే తేల్చుకున్నారు. గిటారు మోగే పాటలకు హార్మోనియము సా, పా మాత్రము పట్టుకుంటుంది.

ఈ సంవత్సరము శుభ శుక్రవారము దానిని మందిరములో పెట్టారు. తెల్ల గుడ్డ కప్పితే కుట్టు మిషనే అనుకున్నారు కొందరు. నాలుగవ మాట ధ్యానము ముగించి మేము కూర్చున్నాము. అదే పాట. పల్లవిలో పాదము కదలలేదు. చరణములో ఆ చోటు వచ్చేసరికి మేము కండ్లు మూసుకున్నాము, భక్తితో కాదు, భయముతో. తీగ ఎక్కింది, నిలిచింది, మళ్లీ దిగింది. మామ్మగారు పాడుతూనే తల త్రిప్పి ఆ వైపు చూచింది.

ఆరాధన ముగిసి జనము వెళ్లిన తరువాత చూస్తే, వాడు బల్ల క్రింద వెల్లకిలా పండుకొని ఉన్నాడు. రెండు పెడళ్లు కలిపి తొక్కితే చెక్క సన్నగా వంగి మిగతా తీగలు దిగుతున్నాయట. పెద్ద కంపెనీల గిటార్లలో కూడ ఉన్న జబ్బే అని మేము ఓదార్చబోయాము.

"అడుగున ఇనుప యాంగ్లరు వేస్తే పోతుంది అయ్యగారూ. ఇక్కడ చీకటిగా ఉంది, కొంచెం ఆ టార్చి పట్టుకోండి" అన్నాడు.

పట్టుకున్నాము.